టోక్యోలో మొదటి ఇల్లు: నిషి కసాయ్, ఓజిమా, టొయోసు, మిదోరి వార్డులలో ఏది ఎవరికి?

టోక్యోలో ఉద్యోగం ఖాయమైందని తెలిసిన రోజే తెలుగు కుటుంబాలకు ఒక పేరు వినిపిస్తుంది: నిషి కసాయ్. అంతకుముందు వెళ్లివచ్చిన సహోద్యోగి ఆ పేరే చెబుతారు, అక్కడ పనిచేస్తున్న బంధువుల అబ్బాయి కూడా అదే చెబుతాడు. మనవాళ్లంతా అక్కడే ఉంటారు కాబట్టి ఆలోచించకుండా అక్కడే ఇల్లు తీసుకోమన్నది ఆ సలహా సారాంశం. అందులో నిజం లేకపోలేదు. టోక్యో నగరంలోని 23 ప్రత్యేక వార్డులలో భారతీయులు అందరికంటే ఎక్కువగా ఉన్నది ఎదొగావా వార్డులోనే, ఆ వార్డులో వారికి కేంద్రం నిషి కసాయ్ స్టేషను పరిసరాలే. అయితే అక్కడ హాయిగా స్థిరపడిన కుటుంబాలను చూసినట్టే, ఆరు నెలలు రైల్లో నలిగి మరో చోటికి మారిన కుటుంబాలను కూడా చూశాను. ఈ ఇద్దరికీ తేడా వచ్చింది ఇల్లు తీసుకునే ముందు వేసుకున్న ప్రశ్నల దగ్గర.

మనవాళ్లు ఎక్కడున్నారన్నది అడగవలసిన ప్రశ్నే కానీ, మొదటిది కాదు. ఆఫీసు ఏ రైలు మార్గం మీద ఉంది, పిల్లలు ఏ బడికి వెళ్తారు అన్న రెండూ దానికంటే ముందు తేలాలి. ఇల్లు కట్టిన నేల సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందన్న మూడో ప్రశ్నను మనవాళ్లలో దాదాపు ఎవరూ అడగరు, అడగాలని చెప్పేవారూ తక్కువే. ఈ వ్యాసంలో నాలుగు ప్రాంతాలను ఈ ప్రశ్నల ముందు నిలబెట్టి చూద్దాం: ఎదొగావా వార్డులోని నిషి కసాయ్, దాని పడమర సరిహద్దులో ఉన్న కోతో వార్డులోని ఓజిమా, అదే కోతో వార్డు సముద్రతీరాన ఉన్న టొయోసు, పొరుగున ఉన్న కనగావా రాష్ట్రంలో యోకొహామా నగరపు మిదోరి వార్డు. చివరిది టోక్యోలో భాగం కాదు, కానీ రోజూ టోక్యోకు రైల్లో వచ్చిపోయే లక్షల మంది యోకొహామాలోనే ఉంటారు కాబట్టి పోలికలో దానికి చోటు ఉండాలి.

ముందు తేల్చుకోవలసిన కొలమానాలు

ఆఫీసు దూరాన్ని నిమిషాల్లో లెక్కపెట్టడం మనకు అలవాటు, కానీ టోక్యోలో లెక్కపెట్టవలసింది రైలు ఎన్నిసార్లు మారాలన్నది. ఒకే రైల్లో నలభై నిమిషాలు ప్రయాణించడం కంటే, పెద్ద స్టేషన్లలో మెట్లు ఎక్కిదిగుతూ రెండుసార్లు మారి ముప్పై అయిదు నిమిషాల్లో చేరడమే ఎక్కువ అలసట కలిగిస్తుంది. చాలా కంపెనీలు నెలవారీ రైలు పాసు ఖర్చును తామే భరిస్తాయి కాబట్టి ఇక్కడ ప్రశ్న డబ్బుది కాదు, ఏళ్ల తరబడి మీ ఒంటి మీద పడే భారానిది.

బడి విషయానికి వస్తే, సీబీఎస్ఈ పాఠ్యప్రణాళికతో నడిచే భారతీయ పాఠశాలలు ఈ ప్రాంతాల్లోనే ఉన్నాయి. ఇండియా ఇంటర్నేషనల్ స్కూల్ ఇన్ జపాన్ 2004లో కోతో వార్డులో మొదలైంది, 2009లో యోకొహామా మిదోరి వార్డులోని కిరిగవోకాలో మరో ప్రాంగణాన్ని తెరిచింది. గ్లోబల్ ఇండియన్ ఇంటర్నేషనల్ స్కూల్ 2006లో టోక్యోలో మొదలైంది, దాని ప్రాంగణాలు కసాయ్ ప్రాంతంలో ఉన్నాయి. రెండు మూడేళ్లలో తిరిగి హైదరాబాదుకో విజయవాడకో వెళ్లే ఆలోచన ఉన్నవారికి ఇవి సహజమైన దారి, కాకపోతే ఫీజు కట్టాలి. వార్డు నడిపే ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. విదేశీ పిల్లలకు జపాన్ చట్టం ప్రకారం బడి నిర్బంధం కాదు గానీ, తల్లిదండ్రులు అడిగితే చేర్చుకుంటారు. అయిదారేళ్ల పిల్లలు ఏడాది రెండేళ్లలో జపనీస్‌లో గలగలా మాట్లాడతారు. ఎనిమిదో తరగతి పిల్లవాడిని అలా దింపడం మాత్రం వాడి మీద పెద్ద బరువు మోపడమే, ఎందుకంటే అక్కడ గణితం కూడా వాడికి రాని లిపిలోనే ఉంటుంది. రెండు పద్ధతుల్లోనూ విద్యా సంవత్సరం ఏప్రిల్‌లోనే మొదలవుతుంది కాబట్టి ఒకదాని నుంచి మరొకదానికి మారినా ఏడాది పోదు.

ఇల్లు దొరకడం వేరే కథ. 2016లో జపాన్ న్యాయశాఖ జరిపించిన సర్వేలో, ఇల్లు వెతుక్కున్న విదేశీయులలో దాదాపు 40 శాతం మంది తాము విదేశీయులైనందుకే ఇల్లు ఇవ్వలేదని చెప్పారు. ప్రైవేటు ఇంటికి అడ్వాన్సుతో పాటు, యజమానికి తిరిగిరాని కానుకగా ఇచ్చే రేకిన్, ఏజెంటు రుసుము, పూచీ కంపెనీ రుసుము, సాధారణంగా రెండేళ్లకోసారి ఒప్పందం కొనసాగింపు రుసుము ఉంటాయి. దీనికి మారుగా యూఆర్ అనే ప్రభుత్వ రంగ సంస్థ అద్దెకిచ్చే ఇళ్లలో రేకిన్ లేదు, ఏజెంటు రుసుము లేదు, కొనసాగింపు రుసుము లేదు, పూచీదారు అక్కర లేదు. రెండు నెలల అద్దెను అడ్వాన్సుగా కట్టి, నిర్ణీత ఆదాయం చూపిస్తే చాలు. కుటుంబానికి నెల అద్దె 82,500 యెన్లలోపు అయితే దానికి నాలుగు రెట్లు, ఆ పైన 2 లక్షల యెన్లలోపు అయితే 3,30,000 యెన్ల నెలసరి ఆదాయం ఉండాలన్నది వారి నియమం. భారతీయులు ఎక్కువగా ఉన్న ప్రాంతాలకూ పెద్ద యూఆర్ కాలనీలు ఉన్న ప్రాంతాలకూ మధ్య కనిపించే పోలిక ఇందువల్ల వచ్చిందే.

ఇంట్లో ఉండిపోయే మనిషి గురించి కూడా ఆలోచించాలి, నా ఉద్దేశంలో అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యే కొలమానం ఇదే. ఆశ్రిత వీసా మీద వచ్చిన భార్య గానీ భర్త గానీ విడిగా అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల వరకు పనిచేయవచ్చు. కానీ భాష రాని తొలి ఏడాదిలో అలాంటి పని దొరకడం కష్టం. ఉదయం ఎనిమిదికి బయలుదేరి రాత్రి తొమ్మిదికి వచ్చే ఉద్యోగికి ఆ ప్రాంతం నిద్రపోవడానికి ఒక చోటు మాత్రమే. అక్కడ పగలంతా బతికేది ఇంట్లో ఉన్నవారు. చదువుకున్న, ఉద్యోగం వదిలి వచ్చిన అమ్మాయి మొదటి చలికాలంలో మాట్లాడే మనిషి లేక కుంగిపోవడం నేను ఒకటి కంటే ఎక్కువ ఇళ్లలో చూశాను. అందుకే ఇంటి ఎంపికలో చివరి మాట ఆమెదిగా ఉండాలని నేను నమ్ముతాను.

నిషి కసాయ్: మనుషులు దగ్గర, నీరూ దగ్గర

ఒకప్పుడు కసాయ్ తీరం చేపల వేటకు, నోరి అనే సముద్రపు నాచు సాగుకు పేరు పొందిన చోటు. 1969లో తోజాయ్ లైను కసాయ్ మీదుగా వచ్చింది, 1979లో నిషి కసాయ్ స్టేషను తెరిచారు. సముద్రాన్ని పూడ్చి తీసిన కొత్త నేల మీద పెద్ద పెద్ద అపార్ట్‌మెంటు కాలనీలు లేచాయి. కోల్‌కతా మూలాలున్న టీ వ్యాపారి జగ్మోహన్ చంద్రాణి 1970ల చివరిలో జపాన్‌కు వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడ్డారు. 2000 సంవత్సరం దగ్గర పడుతుండగా కంప్యూటర్లలో తేదీల సమస్యను సరిదిద్దడానికి భారతీయ ఇంజనీర్లు గుంపులుగా వచ్చినప్పుడు, వారికి ఇళ్లు, భోజనం సమకూర్చడంలో ఆయన ముందున్నారు. అలా మొదలైన సముదాయం ఎంత వేళ్లూనిందంటే, 2019లో ఎదొగావా వార్డు సభకు భారత్‌లో పుట్టిన యోగేంద్ర పురాణిక్ ఎన్నికయ్యారు.

తోజాయ్ లైను కాయబాచో, నిహొంబాషి, ఒతెమాచిల మీదుగా పోతుంది కాబట్టి బ్యాంకులు, బ్రోకరేజి సంస్థల్లో పనిచేసేవారికి ఇక్కడి నుంచి ఒకే రైలు చాలు, పావుగంట దాటిన కొద్ది నిమిషాల్లో ఒతెమాచి చేరవచ్చు. అయితే ఆ పావుగంట ఎలా గడుస్తుందో తెలుసుకుని ఒప్పుకోవాలి. కరోనాకు ముందు, ఉదయపు రద్దీ వేళ కిబా, మొన్‌జెన్ నకాచో స్టేషన్ల మధ్య ఈ లైను రద్దీ రైళ్ల సామర్థ్యంలో 199 శాతంగా నమోదైంది, టోక్యో ప్రాంతంలో అది అత్యధికం. తరువాత కొంత తగ్గినా, ఉదయం ఎనిమిది గంటల రైలు నేటికీ ఊపిరి బిగబట్టి ఎక్కవలసిందే. పైగా వేగంగా పోయే రాపిడ్ రైళ్లు నిషి కసాయ్‌లో ఆగవు. కంపెనీ పని వేళల్లో వెసులుబాటు ఇస్తుందా అన్నది ఇక్కడ ఇల్లు తీసుకునే ముందే అడగవలసిన ప్రశ్న.

పగటి జీవితానికి వస్తే మిగిలిన మూడు ప్రాంతాలూ దీనికి సాటి రావు. కందిపప్పు, చింతపండు, సోనా మసూరి బియ్యం, కరివేపాకు నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు. పార్కులో పిల్లల్ని ఆడిస్తూ నిలబడితే పక్కనే తెలుగో తమిళమో వినిపిస్తుంది. గ్యోసెన్ పార్కులోని చిన్న జంతు ప్రదర్శనశాలకు టికెట్టు లేదు. కసాయ్ రింకాయ్ పార్కులో 1989లో తెరిచిన సముద్ర జీవుల ప్రదర్శనశాల, 117 మీటర్ల జెయింట్ వీలు ఉన్నాయి. శరదృతువులో స్టేషను దగ్గర దీపావళి ఉత్సవం జరుగుతుంది. పక్క స్టేషను కసాయ్‌లో భూగర్భ రైలు మ్యూజియం ఉంది, రైళ్ల పిచ్చి ఉన్న పిల్లలకు వానాకాలపు ఆదివారాలు అక్కడే గడిచిపోతాయి. సాయంత్రం అరకావా నది గట్టు మీద నిలబడితే, ఆ వెడల్పుకు గోదావరి జిల్లాల వారికి తమ ఊరి గట్టు గుర్తుకు రాక మానదు.

ఆ గట్టే అసలు విషయానికి దారి. ఇక్కడ కనిపించే అరకావా, 1910 నాటి మహా వరద తరువాత మనుషులు తవ్విన కాలువ. 1924లో నీరు వదిలారు, 1930లో పని పూర్తయింది. ఆ తరువాత పరిశ్రమలు భూగర్భ జలాన్ని తోడేయడంతో తూర్పు టోక్యో నేల కుంగింది, 1970లలో నీరు తోడటం మీద ఆంక్షలు గట్టిపడేదాకా కుంగుతూనే వచ్చింది. ఫలితంగా ఎదొగావా వార్డు నేలలో దాదాపు 70 శాతం పోటు వేళ సముద్ర మట్టం కంటే కిందే ఉంటుంది. 2019లో వార్డు కార్యాలయం ఇంటింటికీ పంచిన ముంపు పటం అట్ట మీద తన వార్డు వైపే చూపిస్తూ "ఇక్కడ ఉండకూడదు" అని రాసింది. అతిపెద్ద తుపాను వచ్చి గట్లు తెగితే కొన్ని చోట్ల పది మీటర్లకు పైగా నీరు చేరవచ్చనీ, ఒకటి రెండు వారాలు పోకపోవచ్చనీ అందులో ఉంది. స్థానిక ప్రభుత్వం తన ప్రజలతో ఇంత నిష్కపటంగా మాట్లాడటం నాకు గౌరవం కలిగించింది. మన ఊళ్లలో చెరువుల్లో లేచిన కాలనీల గురించి ఇలాంటి పటం ఎవరైనా ఇంటికి తెచ్చి ఇస్తే ఎన్ని కుటుంబాలు ముందే మేలుకునేవో అనిపించింది.

ఇది నిషి కసాయ్ వద్దనడానికి కారణం కాదు. అలాంటి తుపాను రాక రోజుల ముందే తెలుస్తుంది. అయితే 2019 అక్టోబరు 12న హగిబిస్ తుపాను వచ్చినప్పుడు రైళ్లను ముందే ప్రకటించి ఆపేశారు కాబట్టి, వెళ్లాలనుకున్నవారు ముందు రోజే వెళ్లాలి. మెరక ప్రాంతంలో ఉన్న ఒక స్నేహితుల కుటుంబంతో ముందుగానే మాట పెట్టుకోవడం, మూడో అంతస్తు కంటే పైన ఇల్లు చూసుకోవడం, కొత్తగా పూడ్చిన దక్షిణపు నేల పాత నేల కంటే కొంత ఎత్తుగా ఉంటుంది కాబట్టి పటంలో ఆ వీధి రంగు ఏమిటో చూసుకోవడం అన్నవి ఇక్కడ ఉండదలచినవారు చేయవలసిన పనులు.

ఓజిమా: నిశ్శబ్దమైన మధ్యమార్గం

ఓజిమా పేరు కొత్తగా వచ్చేవారు అంతగా వినరు, కానీ షింజుకు వైపు ఆఫీసు ఉన్న కుటుంబాలు ముందుగా చూడవలసింది దీన్నే. తోయేయ్ షింజుకు లైను ఇక్కడి నుంచి జింబోచో, ఇచిగాయా మీదుగా నేరుగా షింజుకు పోతుంది, ఎక్స్‌ప్రెస్ రైళ్లు కూడా ఆగుతాయి. పెద్ద యూఆర్ కాలనీ ఉంది, కోతో వార్డులోనే సీబీఎస్ఈ బడి ఉంది. అదే లైనులో తూర్పుకు రెండు స్టేషన్లు వెళితే ఎదొగావా వార్డులోని ఫునాబోరి, అక్కడ ఇస్కాన్ మందిరం ఉంది. కూరగాయలు, సిద్ధం చేసిన వంటకాలు చౌకగా దొరికే సునామాచి గింజా అనే పాత అంగళ్ల వీధి సైకిలు దూరంలో ఉంటుంది. నడివయసు, వృద్ధ జపనీయులే ఎక్కువగా కనిపించే ఆ వీధిలో రెండు మాటలు నేర్చుకుని పలకరిస్తే, బడిలో నేర్చుకునే జపనీస్ కంటే వేగంగా భాష వస్తుంది.

ముంపు విషయంలో ఓజిమా నిషి కసాయ్ కంటే మెరుగు కాదు. అదీ కుంగిన నేలే. అయితే నదివైపు ఎత్తుగా కట్టిన ఓజిమా కొమత్సుగావా పార్కు విపత్తు వేళ చేరుకోవడానికి ఉద్దేశించినది, అది నడిచిపోయే దూరంలో ఉండటం ధైర్యాన్నిచ్చే అంశం. తెలుగువారి సందడి నిషి కసాయ్ అంత ఉండదు. అది కొందరికి లోటు, మరికొందరికి ఊరట.

టొయోసు: సౌకర్యం ఎక్కువ, అద్దె ఇంకా ఎక్కువ

1923 మహా భూకంపపు శిథిలాలను కూడా వాడి పూడ్చిన నేల టొయోసు. తరువాత నౌకాశ్రయ పరిశ్రమకు నెలవైంది, ఓడలు కట్టిన చోటునే 2006లో లాలాపోర్ట్ అనే పెద్ద దుకాణ సముదాయం వెలిసింది. 2018లో త్సుకిజి చేపల మార్కెట్టు ఇక్కడికే మారింది. ఎన్‌టీటీ డేటా ప్రధాన కార్యాలయం స్టేషను పక్కనే ఉంది కాబట్టి, ఆ సంస్థలో గానీ దాని చుట్టూ ఉన్న ప్రాజెక్టుల్లో గానీ పనిచేసేవారు ఆఫీసుకు నడిచే పోవచ్చు. యూరాకుచో లైనులో పది నిమిషాల్లోపే గింజా, యూరాకుచో చేరతారు, అదే లైను ఇకెబుకురో దాకా పోతుంది.

ఇక్కడి ఎత్తైన టవర్లలో లిఫ్టులు, కాపలా, వెడల్పైన కాలిబాటలు ఉన్నాయి, పసిపిల్లల బండి తోసుకుపోవడానికి ఇంతకంటే అనువైన చోటు నాలుగింటిలో లేదు. పూడ్చినప్పుడే ఎత్తు పెంచిన నేల కాబట్టి నది వరద భయం ఉత్తరాన ఉన్న పాత నేల కంటే తక్కువ. దాని బదులు భూకంపం వచ్చినప్పుడు నేల నీటితో కలిసి బురదలా మారే ప్రమాదాన్ని పటంలో చూసుకోవాలి. 2011 భూకంపంలో టోక్యో అఖాతం తీరాన ఉరాయాసు పట్టణం అలాగే తీవ్రంగా దెబ్బతింది. పెద్ద టవర్ల పునాదులు లోతుగా ఉంటాయి, అయితే కరెంటు పోయి లిఫ్టులు ఆగితే ముప్పయ్యో అంతస్తులో పసిబిడ్డతో ఉన్న తల్లి పరిస్థితి ఏమిటన్నది కూడా ఆలోచించాలి.

అద్దె నాలుగింటిలోనూ ఇక్కడే ఎక్కువ. ఇక్కడే ఉండాలనుకుని అంత పెట్టలేనివారు, నడిచిపోయేంత దూరంలో షినోనోమేలో యూఆర్ నడిపే కెనాల్ కోర్ట్ ఇళ్లను చూడవచ్చు. 2024లో ప్రిట్జ్‌కర్ పురస్కారం పొందిన రికెన్ యమామోతో, తోయో ఇతో, కెంగో కుమా వంటి వాస్తుశిల్పులు తలా ఒక భాగం రూపొందించిన కాలనీ అది. మన సరుకుల దుకాణాలు మాత్రం నిషి కసాయ్ స్థాయిలో లేవు. నెలకోసారి షింజుకు దగ్గర విదేశీ సరుకుల దుకాణాలున్న షిన్ ఒకుబోకో నిషి కసాయ్‌కో వెళ్లి తెచ్చుకోవలసి ఉంటుంది.

మిదోరి వార్డు: కొండల మీద, కాస్త దూరంగా

మిదోరి అంటే ఆకుపచ్చ, పేరుకు తగ్గట్టే ఇది గుట్టలూ అడవి ముక్కలూ ఉన్న ప్రాంతం. జేఆర్ యోకొహామా లైనులోని తొకాయిచిబా స్టేషను నుంచి కిరిగవోకాకు చేరతారు, అక్కడే సీబీఎస్ఈ బడి, అక్కడే పెద్ద యూఆర్ కాలనీ. బడి వచ్చిన తరువాత దాని చుట్టూ కుటుంబాలు చేరాయి కాబట్టి, ఇక్కడి భారతీయ జీవితం ఆఫీసు చుట్టూ కాక పిల్లల చుట్టూ తిరుగుతుంది. నిషి కసాయ్‌లో ఒంటరి యువకులు, మూడు నెలల ప్రాజెక్టు మీద వచ్చినవారు కూడా ఉంటారు. ఇక్కడ ఎక్కువ మంది పిల్లల చదువు పూర్తయ్యేదాకా ఉండాలని వచ్చినవారు.

యోకొహామాకు భారతీయులతో ఉన్న సంబంధం ఇంజనీర్ల కంటే ఎంతో పాతది. పట్టు వ్యాపారం చేసిన భారతీయ వర్తకులు ఇక్కడ ఉండేవారు. 1923 భూకంపంలో తమను ఆదుకున్న నగరానికి కృతజ్ఞతగా వారు కట్టించిన నీటి మంటపం యమాషితా పార్కులో ఇప్పటికీ ఉంది. 1965 నుంచి యోకొహామా, ముంబయి సోదర నగరాలు.

ఈ చోటు ఎవరికి కలిసివస్తుందో తేలిక ప్రశ్న: షిన్ యోకొహామాలో ఆఫీసు ఉన్నవారికి నేరుగా రైలు ఉంది. పక్క స్టేషను నగత్సుతాలో మారి దెన్ ఎన్ తోషి లైను పట్టుకుంటే ఫుతాకో తమగావా, షిబుయా వస్తాయి. ఇంగ్లీషును కార్యాలయ భాషగా చేసుకున్న రకుటెన్ ప్రధాన కార్యాలయం ఫుతాకో తమగావాలోనే ఉంది కాబట్టి అందులో చేరేవారు నిషి కసాయ్ మాట మరచిపోయి ముందు ఇటే చూడాలి. ఒతెమాచిలో ఉద్యోగమై ఇక్కడ ఇల్లు తీసుకుంటే మాత్రం రోజుకు దాదాపు రెండు గంటలు రైల్లోనే పోతాయి, దెన్ ఎన్ తోషి లైను రద్దీ కూడా తక్కువేమీ కాదు.

సముద్రపు పోటు, పెద్ద నదుల ముంపు భయం కిరిగవోకా మెరకకు లేదు. వాలు మీద కట్టిన ఇళ్లకు కొండచరియ జారే అవకాశం ఉందేమో మాత్రం నగరపు పటంలో చూడాలి. ఇంకో లోటు మెట్లు. పాత యూఆర్ కాలనీల అయిదంతస్తుల భవనాల్లో లిఫ్టు లేనివి చాలా. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు 90 రోజుల వీసా మీద వచ్చినప్పుడు నాలుగో అంతస్తు ఇల్లు వారికి జైలు అవుతుంది.

టోక్యో హద్దు దాటితే పోయేవి కొన్ని ఉన్నాయని కూడా తెలియాలి. 18 ఏళ్లలోపు ప్రతి బిడ్డకు నెలకు 5,000 యెన్ల చొప్పున టోక్యో ప్రభుత్వం ఇచ్చే సాయం టోక్యో నివాసులకు మాత్రమే. టోక్యో 23 వార్డుల్లో 2023 ఏప్రిల్ నుంచి హైస్కూలు వయసు వరకు పిల్లల వైద్యం ఖర్చును వార్డే భరిస్తోంది. యోకొహామాకు దాని నియమాలు వేరు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఏడాదికి 1,20,000 యెన్ల తేడా చిన్నది కాదు. కాకపోతే కిరిగవోకాలో అద్దె తక్కువ కాబట్టి ఆ తేడా చాలావరకు పూడుతుంది.

ఒక చోట చూసుకోవడానికి

| కొలమానం | నిషి కసాయ్ | ఓజిమా | టొయోసు | మిదోరి వార్డు |
|---|---|---|---|---|
| ప్రధాన రైలు మార్గం | తోజాయ్ లైను | తోయేయ్ షింజుకు లైను | యూరాకుచో లైను, యురికమోమె | జేఆర్ యోకొహామా లైను |
| మారకుండా చేరే ఆఫీసులు | కాయబాచో, నిహొంబాషి, ఒతెమాచి | జింబోచో, ఇచిగాయా, షింజుకు | గింజా, యూరాకుచో, ఇకెబుకురో | షిన్ యోకొహామా |
| సీబీఎస్ఈ బడి | కసాయ్ ప్రాంతంలోనే | కోతో వార్డులోనే | కోతో వార్డులో, కొంత దూరం | కిరిగవోకాలోనే |
| అద్దె | మధ్యస్థం | మధ్యస్థం | అత్యధికం | తక్కువ |
| నేల, నీరు | పల్లం, ముంపు ఎక్కువ | పల్లం, పక్కన మెరక పార్కు | ఎత్తు పెంచిన నేల, భూకంప ప్రభావం చూడాలి | మెరక, వాలు చూడాలి |
| మన సరుకులు, మనుషులు | సమృద్ధిగా | ఓ మాదిరిగా | తక్కువ | బడి చుట్టూ |

మీరు ఎవరన్నదాన్ని బట్టి

పెళ్లికాని యువ ఇంజనీరు ఈ నాలుగింటినీ పక్కన పెట్టి, ఆఫీసు లైనులోనే చిన్న గది తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. బతుకమ్మకూ ఉగాదికీ తెలుగు సంఘాల వేడుకలు ఎక్కడ జరిగినా గంట ప్రయాణంలో చేరవచ్చు, రోజూ మిగిలే గంటన్నరలో భాష నేర్చుకోవచ్చు.

మొదటిసారి దేశం దాటి, చిన్న బిడ్డతో, ఒకరు ఇంట్లో ఉండేలా వచ్చే జంటకు నిషి కసాయ్‌నే చెబుతాను, ఆఫీసు షిబుయాలో ఉన్నా సరే. బిడ్డకు అర్ధరాత్రి జ్వరం వచ్చినప్పుడు ఏ ఆసుపత్రికి ఫోను చేయాలో, అక్కడ ఏం చెప్పాలో తన భాషలో చెప్పగలిగే మనిషి ఎదురింట్లో ఉండటం విలువైనది. ఆ విలువ ముందు ఉద్యోగి రైల్లో పోగొట్టుకునే ఇరవై నిమిషాలు తక్కువే. మొదటి ఏడాది దాటాక ఆ లెక్క మారుతుంది.

ఆరో తరగతి దాటిన పిల్లలతో వచ్చేవారు ముందు బడిలో సీటు సంగతి కనుక్కుని, ఆ తరువాతే ఇంటి గురించి మాట్లాడాలి. సీటు కోతో వార్డులో దొరికితే ఓజిమా, కసాయ్‌లో దొరికితే నిషి కసాయ్, కిరిగవోకాలో దొరికితే మిదోరి వార్డు. ఈ వయసు పిల్లలకు బడి దూరం పెంచి పెద్దల ఆఫీసు దూరం తగ్గించడం తప్పు బేరం. పదేళ్లకు పైగా ఉండిపోవాలనుకుని, పిల్లల్ని జపనీస్ బడిలోనే వేయాలని నిశ్చయించుకున్నవారికి మాత్రం ఓజిమా బాగా నప్పుతుంది. అక్కడ మనవాళ్లు ఉన్నారు, కానీ జపనీస్ మాట్లాడకుండా గడిచిపోయేంత మంది లేరు.

ఇద్దరూ ఉద్యోగులైన జంటకు, అద్దె భరించగలిగితే, టొయోసు సౌఖ్యంగా ఉంటుంది. భరించలేకపోతే షినోనోమే.

సంతకం పెట్టే ముందు

ఇల్లు చూడటానికి శనివారం మధ్యాహ్నం తీసుకెళ్తారు. అప్పుడు రైలు ఖాళీగా, వీధి ప్రశాంతంగా ఉంటుంది. ఏదైనా పనిదినాన ఉదయం ఎనిమిది గంటలకు ఆ స్టేషను నుంచి మీ ఆఫీసు దాకా ఒక్కసారి వెళ్లి చూడండి. వార్డు కార్యాలయం ఇచ్చే ముంపు పటంలో ఆ భవనం మీద వేలు పెట్టి, ఎన్ని మీటర్లు, ఎన్ని రోజులు అని చదవండి. ఎదొగావా పటానికి ఇంగ్లీషు ప్రతి కూడా ఉంది. యూఆర్ ఇల్లు అయితే ఏసీ, గ్యాసు పొయ్యి, లైట్లు ఉన్నాయో లేవో అడగండి, చాలా ఇళ్లలో అవి మనమే కొనుక్కోవాలి. ఆ మొత్తాన్ని మొదటి నెల ఖర్చులో కలుపుకోవాలి. వంటింటి గాలి ఏ దిక్కుకు పోతుందో కూడా చూడండి, ఎందుకంటే రోజూ వేసే పోపు ఘాటు పక్కవారి బాల్కనీలో ఆరేసిన బట్టలకు పడితే, మీతో నేరుగా అనరు గానీ యాజమాన్యానికి చెబుతారు.

మొదటి ఇల్లు తప్పితే సరిదిద్దుకోవచ్చు. యూఆర్ ఇంటిని 14 రోజుల ముందు తెలియజేసి ఖాళీ చేయవచ్చు, ప్రైవేటు ఇళ్లకు సాధారణంగా ఒక నెల గడువు. అయితే మారాలనుకుంటే మార్చిలో మాత్రం వద్దు. విద్యా సంవత్సరం, కంపెనీల బదిలీలు రెండూ ఏప్రిల్‌లో మొదలవుతాయి కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా ఇళ్లకు పోటీ, సామాన్లు మోసే లారీలకు ధర రెండూ పెరుగుతాయి. పిల్లల బడి కోసం ఏప్రిల్‌కల్లా చేరాలనుకునేవారు నవంబరులోనే వెతకడం మొదలుపెట్టి, డిసెంబరులో సంతకం పెట్టగలిగితే మంచిది.